నా చేతిరాత చూడనిదే

మా చీనీ తోట ఎండిపోతోందన్న కబురు నాకు మొదట తెచ్చింది ఇక్కడ కువైట్‌లో, ఫహాహీల్ బజారులో బట్టల దుకాణం తుడిచే మా పక్క ఊరి చెల్లెలు. శుక్రవారం. జుమా నమాజు అయిపోయి అంగళ్ళు మళ్ళీ తెరుస్తున్నారు. నేను వంట చేసే ఇంటి యజమానురాలిని ఇక్కడ అందరి మాదిరే మామా అంటాను. మామా కోసం పుదీనా కొంటుంటే ఆ పిల్ల చీపురు చంకన పెట్టుకుని వచ్చింది.

"అక్కా, మీ తోటకు తెగులేమన్నా తగిలిందా?"

"లేదే. ఏమట్ల అడుగుతావు?"

"మా మరిది ఆ పక్కనించి పోయినాడంట. ఆకులన్నీ దొప్పల మాదిరి ముడుచుకోని, సగం నేల మీదే ఉండాయంట. మీ పెద్దాయనేమో గట్టు మీద తల పట్టుకోని కూర్చోనుండాడంట."

"నీళ్ళు పెట్టి పదినాళ్ళు అయింటాదే!"

"యాడ పెట్టినాడక్కా? పాదులు నెర్రెలిచ్చినాయంట."

పుదీనా తూచిన మనిషి రెండుసార్లు పిలిచాడట. నాకు వినబడలేదు.

చీనీ అంటే బత్తాయి. ఆ చెట్టు సంగతి తెలియని వాళ్ళకు ఒక మాట చెప్పాలి. దానికి ఏడాది పొడవునా నీళ్ళు పెడితే ఆకు బాగా వస్తుంది, పూత రాదు. అందుకని కొన్నాళ్ళు నీళ్ళు ఆపేస్తాం. ఆకు వాడుతుంది, కొంత రాలుతుంది. సరిగ్గా ఆ అదను చూసి మెల్లగా తడి ఇస్తే చెట్టు బతికానన్న సంతోషంతో పూస్తుంది. అదను తప్పితే పూత మాట దేవుడెరుగు, కొమ్మలు పై నుంచి ఎండుకొస్తాయి. మేం ఆ పని మండు వేసవిలో చేస్తాం. మా నాన్న, అబ్బా, అట్లాగే చేసేవాడు. నేను బడికి పోలేదు. ఖురాన్ చదవడం, తెలుగు అక్షరాలు, చెట్టు ముఖం చూసి దాని దాహం చెప్పడం, మూడూ అబ్బా దగ్గరే ఇంట్లో నేర్చుకున్నాను. ఆ చదువుకు అల్లాకు రోజూ షుక్ర్ చెప్పుకుంటాను.

అబ్బా పోయాక తోట నాకు మిగిలింది. తోటతో పాటు చిన్నాయన మిగిలాడు. ఆయన మాకు రక్తసంబంధం కాదు, మా మతమూ కాదు. అబ్బాతో కలిసి ఆ మొక్కలు నాటిన మనిషి. చెవులు బొత్తిగా వినపడవు. ఐదో తరగతి దాకా చదివాడు కాబట్టి కాగితం మీద రాసిస్తే నిదానంగా, పెదవులు కదుపుతూ చదువుతాడు. అందుకే నేను కువైట్‌కు వచ్చిన ఈ ఆరేళ్ళూ తోటను జాబులతోనే నడిపాను. సెలవు మీద రాయచోటి వైపు పోయేవాళ్ళ పెట్టెలో నా జాబు పోయేది. వాళ్ళు బస్టాండు దగ్గర టీ అంగట్లో ఇస్తే, సంతకు వచ్చినప్పుడు ఆయన తీసుకునేవాడు. అదే కాగితం వెనుక ఆయన జవాబు. "పాపా, బోరు బాగుంది. మూడో వరసలో ఒక చెట్టుకు బంక కారుతాంది. నువ్వు తిన్నావా." ఎప్పుడూ ఇంతే.

ఫోటో పంపితే పోయేదానికి జాబు ఎందుకని మీరు అడగవచ్చు. తప్పు నాదే. పోయిన ఏడు మా బంధువు ఒకడు ఫోను చేతిలో ఊపుకుంటూ తోటకు వెళ్ళి, నేనే కోయమన్నానని అందులో ఏదో రాసి చూపించి, పక్వానికి రాని కాయను లారీకెత్తించాడు. ఆ కోపంలో చిన్నాయనకు రాశాను: "ఇక మీదట కాగితం మీద నా చేతిరాత చూడనిదే తోటలో ఏ పనీ మొదలుపెట్టొద్దు. ఫోనులో ఎవరు ఏది చూపించినా నమ్మొద్దు." ఆయన జవాబులో ఒకటే మాట. "అట్లనే."

ఈ ఏడు నీళ్ళు ఆపమన్న జాబు సకాలంలో అందింది. తడి ఇవ్వమన్న జాబు ఇక్కడే షుఐబాలో లారీ తోలే మా వైపు తమ్ముడి చేతికిచ్చాను. వచ్చే వారం పోతానన్నాడు. పోయాడనే అనుకుని, ఆ సాయంత్రం కృతజ్ఞతగా రెండు రకాతుల షుక్రానా నమాజు కూడా చదువుకున్నాను.

బజారులోనే వాడికి ఫోను చేశాను.

"జాబు అందినాదా నాయనా?"

"అక్కా, నా బ్యాగులోనే ఉంది. నా బదులు వచ్చేవాడు రాలేదని కంపెనీ సెలవు ఆపేసింది. రేపు పంపుతాం, మాపు పంపుతాం అంటా ఉంటే..."

"నాకొక మాట చెప్పకూడదా?"

"నీకు చెప్పి బాధపెట్టేది ఎందుకులే, రేపు పోతా కదా అనుకున్యా."

వాడిని తిట్టలేకపోయాను. రేపు, రేపు అనుకుంటూ నేను మాత్రం ఎన్ని వాయిదా వేయలేదు?

తోటలో సిగ్నల్ ఉండదు. అందుకని కాగితం మీద రాసి, ఫోటో తీసి, నేను మాట్లాడుతున్న వీడియో కూడా తీసి, ఆ చెల్లెలి మరిదికి పంపాను. అతను ఊళ్ళో వాటిని ఫోనులోకి దించుకుని తోటకు పోయాడు. అక్కడ జరిగినదంతా వీడియో తీసి మళ్ళీ నాకు పంపాడు. మామా వంటింట్లో అన్నం ఎసరు మరుగుతుండగా చూశాను.

చిన్నాయన బాగా చిక్కిపోయాడు. ఫోనును ఎండకు చెయ్యి అడ్డం పెట్టి చూశాడు. నా రాత చూశాడు. నా ముఖం చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

"ఫోన్లో ఏదైనా చేస్తారంట ఇప్పుడు. సచ్చినోళ్ళతో గూడా మాట్లాడిస్తారంట. నన్ను ఇంగోసారి మోసం చేస్తారా మీరు?"

మరిది మోటారు పెట్టె వైపు చెయ్యి చూపాడు. దానికి తాళం, తాళంచెవి ముసలాయన మొలతాడుకు. ఆయన కర్ర ఎత్తాడు. "పో! పాప రాత లేంది స్విచ్చి ముట్టుకుంటే కాళ్ళు ఇరగ్గొడతా." తర్వాత జేబులోంచి మడతలు చిరిగిన కాగితం తీసి, కెమెరాకు దగ్గరగా పెట్టి చూపించాడు. నేను కోపంతో రాసిన జాబు. నా అక్షరాలే నా ముఖం ముందు నిలబడ్డాయి. ఆయన వెనుక చెట్లు బూడిదరంగులో ఉన్నాయి.

"నేనే చిన్నాయనా, నేనే" అని ఫోనుతో అన్నాను. ఎసరు పొంగి పొయ్యి ఆరిపోయింది. మామా వచ్చి, ఎవరు పోయారని అడిగింది. చెట్లు అన్నాను. ఆమె నవ్వలేదు. "చెట్లా?" అని మాత్రం అని, తనే పొయ్యి మళ్ళీ వెలిగించింది. అల్లా ఆమెను చల్లగా చూడాలి.

ఆ చెవిటి మనిషికి పదివేల మాటలు చెప్పగలిగినా ఒక్కటీ వినపడదు. ఒక్క కాగితం చాలు. అది షుఐబాలో ఉంది, ఇంకోటి రాద్దామన్నా పట్టుకుపోయే మనిషి లేడు. నేనే పోదామంటే నా పాస్‌పోర్టు వీసా ఇచ్చిన కఫీల్ దగ్గర, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు రెన్యువల్‌లో ఉంది. కొరియర్‌లో వేయమన్నారు. అంతకుముందు ఒకసారి వేస్తే, తీసుకునే మనిషి లేడని రాయచోటి నుంచే తిరిగి వచ్చేసింది. ఈసారి మరిది పేరున వేద్దామన్నా చేరడానికి వారం పైనే అన్నారు. రెండు రోజులు దువా చేసి వేడుకోవడం తప్ప నా చేతిలో ఇంకేమీ లేదు.

మూడో రోజు ఆ లారీ తమ్ముడే ఫోను చేశాడు. చెన్నైకి పోయే కడప మనిషి ఒకడు దొరికితే, పని మానుకుని విమానాశ్రయం దాకా పోయి జాబు అతని చేతిలో పెట్టాడట. "కాళ్ళు పట్టుకున్యాక్కా. సక్కా తోటకే పోయి ఇస్తానని మాటిచ్చినాడు." ఇచ్చిన మాట నిలుపుకున్న ఆ కడప మనిషి ముఖం కూడా నేను చూడలేదు.

అతను పోయేసరికి చిన్నాయన కొట్టంలో నేల మీద పడి ఉన్నాడు. పక్కన రెండు బిందెలు. దారి పక్క ఊరి పశువుల తొట్టి నుంచి చిన్న మొక్కల వరస దాకా కాలిబాట పడి ఉందట. మోటారు వేయొద్దన్నది నా మాట. మొక్కలు చావకూడదన్నది ఆయన మాట. డెబ్భై దాటిన మనిషి, ఆ ఎండల్లో, ఎన్ని రోజులు మోశాడో ఎవరికీ తెలియదు. జాబు చేతికిస్తే పడుకునే చదివి, కళ్ళకద్దుకుని, మొలతాడు విప్పలేక కొడవలితో కోసి తాళంచెవి ఇచ్చాడట.

నీళ్ళు పారాయి. పెద్ద చెట్లలో సగానికి పైగా తేరుకోలేదు. ఆయన మోసిన వరస మాత్రం చిగురు వేసింది. ఆయన కుడి చెయ్యి, కుడి కాలు పట్టు తప్పాయి. ఎండదెబ్బతో పాటు పక్షవాతం అన్నారు డాక్టర్లు. ఇప్పుడు కూతురి ఇంట్లో మంచం మీద ఉన్నాడు. "ఇక నీకు తోచింది చెయ్యి చిన్నాయనా, నన్ను అడగొద్దు" అని రాశాను. కూతురు మంచం దగ్గర పట్టుకుంటే చదివాడట. కాగితం వెనుక ఏమీ రాలేదు. రాసే చెయ్యి అదే.

నేను పోలేను. మామా తల్లి మంచం పట్టింది, నా కాగితాలు ఇంకా రాలేదు. ఇక్కడ ఒక ముసలమ్మకు స్పూనుతో జావ తాగిస్తూ, అక్కడ ఆయనకు కూతురు ఇట్లాగే తాగిస్తుంటుందని అనుకుంటాను. తాగించే మనిషి ఉన్నందుకు అల్‌హందులిల్లా.

ఇది చదివిన వాళ్ళను ఒక్కటి అడుగుతాను. తోట కోసం కాదు, నా కోసమూ కాదు. నమాజు చదివేవాళ్ళైతే సజ్దాలో నుదురు నేలకానించినప్పుడు, దీపం పెట్టేవాళ్ళైతే దీపం ముందు, ఆయనను ఒక్కసారి తలుచుకోండి. పేరు అక్కర్లేదు. రాయచోటి వైపు చీనీ తోట పెద్దాయన, చెవులు వినపడవు అంటే చాలు. ఆయనెవరో పైవాడికి తెలుసు.