గిలకలదిండిలో ఆగని ఇంజన్

ఏ జబ్బూ లేని బోటు ఇంజన్‌ని, రేపు వేటకు వెళ్లాలనగా, ముక్కలు ముక్కలుగా విప్పి డెక్కు మీద పరిచిన ఘనుణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చదవండి, అది నేనే. అక్కడితో ఆగినా కాస్త పరువు దక్కేది. ఆగలేదు.

నా పేరు దానియేలు. బందరు గిలకలదిండి హార్బరులో బోటు ఇంజన్లు బాగుచేస్తాను. చదువు అంతంతమాత్రమే గానీ చెవి మాత్రం దేవుడిచ్చాడు. పొడవాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజన్‌కీ, పిడిని చెవి వెనక ఎముకకీ ఆనించి కళ్లు మూసుకున్నానంటే లోపల ఏ ముక్క అరిగిందో చెప్పేసేవాణ్ణి. పాలకాయతిప్ప రేవు నుంచి కూడా నాకు కబురొచ్చేది. హార్బరులో అందరూ నన్ను ‘చెవి దానియేలు’ అంటారు. నా తిండీ, పేరూ, పొగరూ అన్నీ ఆ చెవిలోనే ఉన్నాయి.

ఏటా వేసవిలో సర్కారు పెట్టే చేపలవేట నిషేధం ముగిసే ముందురోజు నాంచారయ్య బావ బోటెక్కాను. బావంటే చుట్టం కాదు, బోటు ఓనరు. నిషేధం పోయాక మొదటి వేటంటే బావకి పెళ్లికంటే ఎక్కువ. ఐసు నింపేశాడు, కలాసీలు వచ్చేశారు.

"ఊరికే ఒకసారి విని పో" అన్నాడు.

విన్నాను. బుస్సు బుస్సుమని సన్నగా, తెరలు తెరలుగా ఒక చప్పుడు.

"బావా, లీకుంది. ప్రెజరుతో పోవాల్సిన డీజిలు అడ్డదారిన, ట్యాంకుకి వెనక్కి పోయే రిటర్ను పైపులో పడిపోతోంది."

"నాకేం వినపడట్లేదే."

"నీకు వినపడితే నేనెందుకు?"

విప్పాను. పంపు విప్పాను, పైపులు విప్పాను, చేతికందినవన్నీ విప్పాను. బావ నెత్తిన చెయ్యి పెట్టుకుని ఒక పక్కన కూర్చున్నాడు. మళ్లీ స్క్రూడ్రైవరు ఆనించాను.

"ఇంకా వస్తోంది బావా."

"ఇంజన్ ఆపి గంటయింది దానియేలూ. సగం నీ ఒళ్లోనే ఉంది."

బుర్రున్నవాడైతే ఇక్కడ ఆగుతాడు. నేను చెవి ఉన్నవాణ్ణి కదా, "అయితే ఇది పక్క బోటుది" అంటూ స్పానరుతో అందులోకి దూకాను.

"మేమింకా స్టార్టే చెయ్యలేదండీ" అన్నారు ఆ బోటువాళ్లు.

"స్టార్టు చెయ్యకుండానే ఇంత చప్పుడంటే, చేస్తే ఏమవుద్దో మీరే ఆలోచించుకోండి."

వాళ్లు నిజంగానే ఆలోచించి నా భార్య సుగుణకి ఫోన్ చేశారు.

సుగుణ వచ్చి నా ఎడమ మణికట్టు పట్టుకుంది, ఇంటికి లాక్కుపోదామని. నేను కుడిచేతిలోని స్పానరుతో రేకు మీద కొట్టి, చప్పుడు ఎలా వస్తోందో చూపిస్తున్నాను. ఆవిడ లాగడం ఆపేసింది.

"ఏవండీ, మీరు కొట్టేదీ, మీ నాడి కొట్టేదీ ఒక్కటే."

"నీకు ఇంజన్ల గురించి ఏం తెలుసని?"

కోపమొచ్చింది. కోపంతో పాటు చప్పుడూ స్పీడందుకుంది. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినవాళ్లే నయం. నేను చప్పుడు తలలో పెట్టుకుని హార్బరంతా విప్పబోయాను.

ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ రోజు స్పానరు సుగుణ చేతికిచ్చేసి ఇంటికి నడిచాను. చెవి పాడైతే చెవి దానియేలు ఎక్కడుంటాడు? బావ ఇంకో మెకానిక్కుతో ఇంజన్ బిగించుకుని అందరికంటే వెనక వేటకెళ్లాడు. పోతూ నా కూలి డబ్బులు సుగుణకి పంపాడు. తిట్టినా బాగుండేది.

సుగుణ నన్ను విజయవాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడ డాక్టరమ్మ స్టెతస్కోపు నా చెవి వెనక పెట్టి విన్నారు.

"చప్పుడు ఉందండి. నాకూ వినపడుతోంది."

ఆ మాటకి నాకు ఏడుపొచ్చేసింది. "మరి నా చెవి?"

"చెవికేం కాలేదు. మెదడు చుట్టూ ఉండే పొరలో ధమని వెళ్లి తిన్నగా సిరలో కలిసిపోయింది. ప్రెజరుతో వెళ్లాల్సిన రక్తం అడ్డదారిన, వెనక్కి తిరిగే నాళంలో పడిపోతోంది. వదిలేస్తే మెదడులో రక్తస్రావం కావచ్చు."

నేను గర్వంగా సుగుణ వైపు తిరిగాను. "బావకి నేను చెప్పిందీ ఇదే. రోగం కరెక్టు, ఇంజనే తప్పు."

"సంతోషించాం" అంది సుగుణ.

"హెడ్డు విప్పాలాండీ?" అని డాక్టరమ్మనడిగాను.

"అక్కర్లేదు. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పైకి పంపి, తెర మీద చూసుకుంటూ, ఆ కలిసిన చోట జిగురులాంటి మందు నింపి మూసేస్తాం."

ఒక్క నట్టు కూడా విప్పకుండా లీకు కట్టే మనిషిని నా సర్వీసులో చూడలేదు. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాను.

మత్తు దిగి కళ్లు తెరిచాను. చప్పుడు లేదు. అంతా నిశ్శబ్దం. సముద్రం మధ్యలో అలాంటి నిశ్శబ్దం వచ్చిందంటే మెకానిక్కు గుండె జారిపోతుంది. కాలు కదపొద్దన్న మాట మరిచిపోయి లేవబోయాను.

"ఇంజన్ ఆగిపోయింది. స్పానరు ఇటియ్యండి."

నర్సమ్మ భుజాలు పట్టి పడుకోబెట్టింది. సుగుణ నవ్వుతూ, ఏడుస్తూ నా మణికట్టు పట్టుకుంది.

"ఇంజన్ నడుస్తానే ఉందండీ. చప్పుడే ఆగింది."

ఇప్పుడు మళ్లీ హార్బరులోనే ఉన్నాను, చెవి దానియేలుగానే ఉన్నాను. కాబట్టి దేవుని ఎదుటా, నా స్పానర్ల ఎదుటా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట పరాయివాడి ఇంజన్ మీద చెయ్యి వేసే ముందు నా నాడి పట్టుకుని చూసుకుంటాను. నాడీ, చప్పుడూ ఒకే తాళంలో కొడుతుంటే ఇంజన్ జోలికి పోను, నోరు మూసుకుని విజయవాడ బస్సెక్కుతాను.