మా వరసలో ముందు నడిచినవాడు

తొంభై ఎనిమిది సెప్టెంబరులో అరుణాచల్ కొండల్లోని పోస్టుకు చేరాను. రేకుల షెడ్డు, తెరిపి లేని వాన, బూట్లలో జలగలు. వారం తిరగకముందే హవల్దార్ లాంగ్ పెట్రోలింగుకు పేర్లు పిలిచాడు. పదకొండు మందిమి. పది రోజులు అడవిలో నడక, చివర మంచు కనుమ. అక్కడ జెండా పాతి తిరిగి రావాలి.

మాతో బయల్దేరిన రేడియో ఆపరేటర్‌ది కీసర, నాది శామీర్‌పేట. ఆ పోస్టులో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. ఆ కనుమ చూడాలని అతను రెండేళ్లుగా అడుగుతున్నాడు. చలికాలానికి అతనికి బదిలీ. ఇప్పుడు కాకపోతే ఇక లేదు.

కనుమ కింద చివరి గుడిసె దగ్గర వాగు దాటుతూ జారాడు. సాయంత్రానికి మోకాలు పొంగింది. తన సంగతి తానే రేడియో సెట్టులో బేస్‌కు చెప్పుకున్నాడు. జవాబూ తానే విన్నాడు.

"నన్ను గీడనే ఇడిసి పొమ్మంటున్నరు. సెట్టు నీకియ్యాల్నట."

"నేను తీస్కోను."

"ఆర్డర్‌రా భై!"

"అయితే ఏంది? సెట్టు మోస్త. మాట్లాడేది మాత్రం నువ్వే."

హవల్దార్‌కు హిందీలో తేల్చి చెప్పాను: అతను రాకపోతే నేనూ రాను. ఏ శిక్ష వేస్తారో వేసుకోనీ అనుకున్నాను. హవల్దార్ గడ్డం గోక్కున్నాడు.

"రేపు మధ్యాహ్నం రెండింటికల్లా పైన లేకపోతే ఇద్దరూ వెనక్కి" అన్నాడు.

కొండల్లో మాకో పద్ధతి ఉంది. అందరికంటే నెమ్మదిగా నడిచేవాడిని ముందు పెడతారు. వాడి అడుగే అందరి అడుగు. ఎవరూ దాటకూడదు. తెల్లవారి అతను కర్ర పట్టుకుని ముందు నడిచాడు. వెనక నేను, నా మూటతో పాటు అతని సెట్టు. పట్టీలు భుజాలు కోసేశాయి.

"మోకాలెట్లుంది?" అన్నాను.

"ఇంకోపాలి అడిగితే సంపుత."

ఒకటిన్నరకు పైకి చేరాం.

రెండు వేల రెండులో ఇంటికొచ్చాను. శామీర్‌పేట నుంచి మేడ్చల్ దాకా చేలల్లో ప్లాట్ల రాళ్లు లేచాయి. కొత్త కాలనీలో ఉండే ఒకాయన టీ కొట్టు దగ్గర, "ఎవరూ లేని కొండకి అంత దూరం నడిచి ఏం సాధించారండీ?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. పదకొండు మందిమి బయల్దేరాం, పదకొండు మందిమీ చేరాం. అది చాలదనేవాడికి ఇంకేం చెప్పినా దండగ.

నా కళ్ల ముందు నుంచి పోనిది ఒక్కటే. ఆ రోజు కనుమ మీద మంచులో అతను కాలు బారచాపి కూర్చున్నాడు. పెదాలు పగిలి నెత్తురు. బేస్ అడిగింది, ఆ ఆపరేటర్‌ను ఎక్కడ వదిలారని. అతను మా అందరి వైపు చూసి నవ్వాడు. బటన్ నొక్కాడు.

"ఎక్కడా వదల్లేదు సాబ్. వాడే మాట్లాడుతున్నాడు."