కాల్ షీటులో మూడో గడి

నా ఉద్యోగంలో చివరి సంవత్సరం, మే నెల మొదటి వారంలో, నన్ను పలాస-కాశీబుగ్గ సర్వీసు సెంటరుకు ఇన్‌ఛార్జిగా వేశారు. హోదా పేరు సీనియర్ కస్టమర్ ఇంజనీరు. పేరుకి సీనియరే గానీ నా కింద జూనియరంటూ ఎవరూ లేరు. ఒక గది, ఒక బల్ల, ఒక పనిముట్ల సంచి, నేను. టెక్కలి నుంచి ఇచ్ఛాపురం దాకా మా కంపెనీ అమ్మిన కంప్యూటర్లకు ఏ జబ్బు చేసినా వెళ్ళి చూడాల్సింది నేనే. పొద్దున్నే గది తలుపు తీస్తే జీడిపిక్కలు కాల్చే పొగ వాసన లోపలికి వచ్చేది. మొదటి వారం తలనొప్పి పెట్టిన ఆ వాసన కోసం ఇప్పుడు టెక్కలిలో మా ఇంటి అరుగు మీద కూర్చుని మొహం వాచిపోయి ఉన్నాను.

మా పనిలో కాల్ షీటు అని ఒక కాగితం ఉంటుంది. ఏ కంప్యూటరు చూడ్డానికి వెళ్ళినా అది నింపి, కస్టమరు చేత సంతకం పెట్టించుకుని రావాలి. అందులో 'లోపానికి కారణం' అనే చోట మూడు గడులుంటాయి. మొదటిది, భాగంలోనే లోపం. రెండోది, పెట్టిన చోటులో లోపం, అంటే కరెంటు, దుమ్ము, తేమ వగైరా. మూడోది, బిగించిన ఇంజనీరు పొరపాటు. మొదటిదానికి టిక్కు పెడితే కంపెనీ ఆ భాగాన్ని చెన్నై పంపి మార్పిస్తుంది. కనీసం మూడు వారాలు. రెండోదానికి పెడితే కంపెనీకి బాధ్యత లేదు, చోటు బాగుచేసుకోవలసింది కస్టమరే. మూడోదానికి నేను ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా టిక్కు పెట్టలేదు. ఆ సంగతి నలుగురిలో చెప్పుకునేవాణ్ణి కూడా.

రెండో గడి మాత్రం నాకు బాగా అలవాటు. దానికి కారణం నౌపడ. ఉద్యోగంలో చేరిన కొత్తలో అక్కడ ఉప్పు కొఠార్ల దగ్గర ఒక ఆఫీసు కంప్యూటరు నా చేతి కింద ఉండేది. ఉప్పుగాలికి దాని మదర్‌బోర్డు ఆరు నెలలకే తుప్పు పట్టేది. రైలు దిగి, తెల్లటి ఉప్పు కుప్పల పక్కన గట్టు మీద నడుచుకుంటూ వెళ్ళి, బోర్డు విప్పి, బ్రష్షుతో రుద్ది, వాళ్ళిచ్చిన టీ తాగి వచ్చేవాణ్ణి. ఎంత హాయిగా ఉండేవి ఆ రోజులు! అప్పటినుంచి ఈ తీరంలో ఏ కంప్యూటరు మొరాయించినా నా నోట ముందు వచ్చే మాట ఉప్పుగాలే. ఆఫీసులో వాళ్ళు నన్ను ఉప్పుగాలి మేష్టారు అని వెక్కిరించేవాళ్ళు. అననీ అని ఊరుకునేవాణ్ణి.

ఇక అసలు విషయం. సోంపేట దగ్గర జలంత్రకోట నుంచి హైమ అనే అమ్మాయి ఒక కంప్యూటరు కావాలని వచ్చింది. సివిల్ డిప్లొమా చదివింది. భర్త గుజరాత్‌లో ఓడల యార్డులో వెల్డరు. ఇంట్లో ఉండేది తనూ, అత్తగారు సూరమ్మా. సూరమ్మకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడు రోజులు ఆవిడను డయాలసిస్‌కు తీసుకెళ్ళి తీసుకురావలసింది హైమే. మా ఉద్దానం ఊళ్ళలో ఈ కిడ్నీల కథ గడప గడపకీ ఉన్నదే. ఊరు కదిలే దారి లేని ఆ పిల్లకి విశాఖపట్నంలో ఒక సంస్థ ఇంటి నుంచే పని ఇస్తామంది. కట్టబోయే ఇళ్ళకు ప్లాను చూసి, ఇల్లు పూర్తయితే ఎలా ఉంటుందో కంప్యూటరులో బొమ్మలు తయారు చెయ్యడం. ముందు పరీక్షగా ఆరు బొమ్మలు పంపాలి, నెలాఖరు సోమవారం మధ్యాహ్నం పన్నెండు లోపల. పంపితే ఉద్యోగం, లేకపోతే లేదు. అలాంటి బొమ్మ ఒక్కటి తయారవడానికి ప్రాసెసరు, అంటే కంప్యూటరు మెదడు, ముప్పావుగంట సేపు పూర్తి బలంతో పనిచెయ్యాలి. అందుకని పెద్ద ప్రాసెసరే రాసిచ్చాను.

మామూలుగా కొత్త కంప్యూటరును సెంటరులో మా బల్ల మీదే బిగించి, నాలుగు గంటలు ఆపకుండా నడిపించి, అప్పుడు ఇస్తాం. ఈసారి అలా జరగలేదు. తొలిసారి స్విచ్చు వెయ్యడం తమ ఇంట్లోనే, మంచి గడియలోనే జరగాలని సూరమ్మ పట్టుబట్టింది. పురోహితులు రాసిచ్చిన గడియ బుధవారం పదిన్నరతో సరి. విడిభాగాల పార్సిలు నా చేతికొచ్చిందే ఆ ఉదయం. పట్టుకుని పాసింజరెక్కి, సోంపేట స్టేషన్లో దిగి, ఆటోలో జలంత్రకోట చేరేసరికి తొమ్మిదిన్నర.

ఆ ఇంట్లో అడుగు పెట్టగానే నాకు నవ్వొచ్చింది. ఫ్రిజ్ తలుపు మీద కంపెనీ అంటించిన ప్లాస్టిక్ పొర అలాగే ఉంది. టీవీ రిమోటుకు కవరు. కుర్చీలు కొన్ననాటి పాలిథిన్‌తోనే ఉన్నాయి, కూర్చుంటే కిర్రుమంటున్నాయి. మంచం మీద దుప్పటి పరిచి బిగింపు మొదలుపెట్టాను. ప్రాసెసరు అమర్చి, దానిమీద కందిగింజంత పేస్టు పెట్టాను. ప్రాసెసరుకూ దానిమీద కూర్చునే కూలరుకూ మధ్య గాలి లేకుండా చేసి, వేడిని కూలరులోకి ఎక్కించేది ఆ పేస్టే. కూలరంటే రేకులు పేర్చినట్టుండే జానెడు లోహపు దిమ్మ, పక్కన ఒక ఫ్యాను. దాన్ని చేతిలోకి తీసుకుంటూ, రెండో చేత్తో క్యాబినెట్, అంటే కంప్యూటరు పెట్టె, పక్క అద్దం మీది ప్లాస్టిక్ పొర లాగబోయాను.

సూరమ్మ కంగారుగా అడ్డం వచ్చింది. "అయ్యో, పీకీకు బాబూ! కొత్తది కదేటి, గీతలడిపోద్ది."

అది ఉంటే అందం ఏముంటుందని నేను, అందం కన్నా మన్నిక ముఖ్యమని ఆవిడ. హైమ నవ్వాపుకుంటోంది. వాదన తెగేలోగా గడియారం పదీ ఇరవై చూపించింది. సరే తల్లీ అని అద్దం మీది పొరను తిరిగి నున్నగా అదిమేసి, కూలరు కూర్చోబెట్టి, నాలుగు మరలూ బిగించి, తీగలు కలిపాను. పదీ ఇరవై ఎనిమిదికి సూరమ్మ కొబ్బరికాయ కొట్టింది, హైమ స్విచ్చు వేసింది. తెర వెలిగింది. ఆవిడ నాకు రెండు లడ్డూలూ, సంచినిండా కొబ్బరి బొండాలూ ఇచ్చింది. నాలుగు గంటల పరీక్ష మాత్రం చెయ్యలేదు.

గురువారం సాయంత్రం హైమ ఫోను చేసింది. బొమ్మ మొదలుపెట్టిన పది నిమిషాలకే కంప్యూటరు ఆరిపోతోందట. శుక్రవారం వెళ్ళాను. తెర మీద ప్రాసెసరు వేడి చూపించే అంకెలు చూశాను. ఖాళీగా ఉన్నప్పుడే డెబ్బై డిగ్రీలు. పని చెప్పగానే తొంభై ఎనిమిది. నూరు దాటితే ప్రాసెసరు తనను తాను కాపాడుకోవడానికి ఆరిపోతుంది. ఫ్యాను వేగం చూశాను, బాగానే ఉంది. కరెంటు కొలిచాను, కాస్త ఎక్కువ తక్కువలున్నా పెద్ద తేడా లేదు. బల్లను గోడకు దూరంగా జరిపించాను, అద్దం తీసి పక్కన పెట్టించాను, వెనక ఇంకో ఫ్యాను బిగించాను. రెండు డిగ్రీలు తగ్గింది, అంతే. కూలరును మాత్రం విప్పలేదు. అది నేను బిగించింది కదా, అందులో లోపం ఉంటుందన్న ఊహే రాలేదు.

పైగా వాళ్ళకు క్లాసు పీకాను. ప్రతి దానికీ ప్లాస్టిక్కులు తొడిగి ఉంచితే లోపల ఊపిరి ఎలా ఆడుతుందన్నాను. సూరమ్మ నేను చూస్తుండగానే వెళ్ళి అద్దం మీది పొర పీకేసి, మడిచి, కిటికీలో పెట్టింది. ఆ రాత్రంతా టేబుల్ ఫ్యాను ఎదురుగా పెట్టి చూసినా లాభం లేకపోయిందని మర్నాడు హైమ చెప్పింది.

శనివారం మళ్ళీ వెళ్ళాను. నాకు అప్పటికే ఒక నిర్ణయం ఉంది. మే నెల ఎండ, సముద్రం దగ్గర తేమ, ఉప్పుగాలి, రేకుల కప్పు గది. కాల్ షీటు తీసి రెండో గడిలో టిక్కు పెట్టాను. గదికి ఏసీ పెట్టించుకోవాలని కింద రాసి, సంతకం కోసం హైమకిచ్చాను.

ఆ పిల్ల కాగితం రెండుసార్లు చదివింది. "ఏసీ ఎట్టిత్తే సోమవారానికి బొమ్మలయిపోతాయా సార్?" అని అడిగింది.

చెప్పలేనమ్మా అన్నాను. నిజంగానే చెప్పలేను. ఒక్క బొమ్మ కూడా తయారవలేదు, మిగిలింది రెండు రోజులు. హైమ కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే తల వంచి కలం తీసుకుంది. అది చూసి నాకూ బాధేసింది గానీ, నా మీద నాకు అనుమానం మాత్రం రాలేదు. అదీ నా తెలివి.

అప్పుడే సూరమ్మ మంచం మీంచి లేచి వచ్చింది. ఒక చేతికి డయాలసిస్ సూది గుచ్చినచోట పట్టీ. రెండో చెయ్యి, జీడి నూనె కాల్చి కాల్చి నల్లగా గట్టిపడిపోయిన చెయ్యి. జబ్బు పడకముందు ఇరవై ఏళ్ళు పలాసలో జీడిపిక్కలు కాల్చే డ్రమ్ము దగ్గర పనిచేసిందావిడ. కంప్యూటరు నడుస్తూనే ఉంది. నేను వద్దంటున్నా వినకుండా కూలరు రేకుల మీద అరచెయ్యి ఆనించింది.

"ఎంత కాలిపోతందన్నావు బాబూ?"

"తొంభై ఆరు."

"మరిది సల్లగుందేటి?"

నేను తెర మీది అంకె మళ్ళీ చూశాను.

"కింద అంత మంటుంటే పైన డ్రమ్ము సల్లగుంటాదేటి? ఆ రెండింటి మజ్జిన ఏదో అడ్డముంది. ఓపాలి ఇప్పి సూడు," అంది.

నేను చెయ్యి పెట్టాను. చల్లగా, కుండలా ఉంది. అంత వేడి ప్రాసెసరు మీద కూర్చున్న కూలరు చల్లగా ఉందంటే వేడి దానిలోకి ఎక్కడం లేదన్నమాట. ఇది మా పనిలో అఆలు. రెండు రోజులు తెర మీద అంకెలు చూశాను, మీటరు పెట్టాను, ఫ్యానులు మార్చాను, చెయ్యి మాత్రం పెట్టలేదు. కంప్యూటరు ఆపి, మరలు విప్పి, కూలరు పైకి లేపాను. అడుగున రాగి పలక మీద, గీతలు పడకుండా కంపెనీ అంటించిన ప్లాస్టిక్ పొర అలాగే ఉంది. పేస్టు పూసుకుని, అంచుల్లో వేడికి ముడుచుకుని ఉంది. దాని మీద ఎర్ర అక్షరాలతో బిగించేముందు తీసెయ్యమని కూడా ఉంది. ఆ రోజు అద్దం మీది పొర కోసం ఆవిడతో వాదించి, చేతిలో ఉన్న కూలరు పొర మరిచిపోయాను.

సిగ్గుతో చచ్చిపోయాను. పొర పీకి చూపించి, తప్పు నాదేనమ్మా అన్నాను.

సూరమ్మ దాన్ని వెలుతురుకి ఎత్తి చూసింది. "నాను పీకొద్దన్నది పైది బాబూ, లోపలిది కాదు," అంది. హైమ పకాలున నవ్వింది. ఏడుపు ఆపుకుంటున్న పిల్ల అలా నవ్వుతుంటే నేనూ నవ్వేశాను.

రాగి పలకనూ ప్రాసెసరునూ స్పిరిట్‌తో తుడిచి, మళ్ళీ కందిగింజంత పేస్టు పెట్టి, కూలరు బిగించాను. హైమ బొమ్మ మొదలుపెట్టింది. అరవై రెండు డిగ్రీలు. అరగంటకు అరవై నాలుగు. అక్కడే నిలబడింది. ఈసారి సూరమ్మ మళ్ళీ చెయ్యి పెట్టి, ఇప్పుడు వెచ్చగుందని తల ఊపింది. మొదటి బొమ్మ పూర్తయ్యేదాకా ఉన్నాను. తెల్లటి ఇల్లు, ముందు రెండు కొబ్బరి చెట్లు. ప్లానులో చెట్లు లేవట, హైమే పెట్టింది.

వచ్చేముందు పాత కాల్ షీటు కొట్టేసి, కొత్తది తీసి, మూడో గడిలో టిక్కు పెట్టాను. పీకిన పొరను దాని వెనక పిన్నుతో గుచ్చాను. హైమ సంతకం పెట్టడానికి సందేహించింది. "మీకు మాటొస్తాది కదా సార్, గాలనే రాసీండి," అంది. గాలి ఏ తప్పూ చెయ్యలేదమ్మా అన్నాను.

మాట వచ్చింది. సంజాయిషీ అడుగుతూ విశాఖలోని మా కంపెనీ ఆఫీసు నుంచి మెమో వచ్చింది, ఉన్నది ఉన్నట్టు రాసిచ్చాను. సోమవారం పన్నెండుకి పది నిమిషాల ముందే హైమ ఫోను చేసి ఆరూ వెళ్ళిపోయాయని చెప్పింది. ఉద్యోగం వచ్చింది, ఇప్పటికీ చేస్తోంది. రిటైరైన రోజు నాకిచ్చిన కాగితంలో 'మచ్చలేని సర్వీసు' అన్న మాట లేదు. మా తోటివాళ్ళందరి కాగితాల్లోనూ ఉంది. కొన్నాళ్ళు అది ముల్లులా గుచ్చుకున్న మాట నిజం.

రిటైరయ్యేలోగా మిగిలిన పది నెలల్లో బిగించిన ప్రతి కంప్యూటరుకూ, పీకిన పొర కాల్ షీటుకు గుచ్చి, అప్పుడు స్విచ్చు వేశాను. ఇప్పటికీ ఎవరో ఒకరు ఫోను చేసి, కొత్త కంప్యూటరు కాలిపోతోంది మేష్టారూ, మన ఉప్పుగాలి వల్లేనా అని అడుగుతుంటారు. పక్కన మూత తీసి కూలరు మీద చెయ్యి పెట్టమంటాను. వేడిగా ఉందంటే గాలి సంగతీ ఫ్యాను సంగతీ మాట్లాడతాను. చల్లగా ఉందంటే గాలి జోలికి పోవద్దు, బిగించినవాణ్ణి పిలవండి అంటాను.