సింహాచలం అత్త ఎదురొచ్చిన రోజు

మొన్న రైలింజన్ల షెడ్డులో డ్యూటీ దిగి చేతులు కడుక్కుంటుంటే పక్కన ఎవరో కొత్త గ్రీజు డబ్బా మూత తీశారు. ఆ జిడ్డు వాసన ముక్కుకు తగలగానే కుళాయి కట్టేయడం కూడా మరిచిపోయి నిలబడిపోయాను. నాకది సింహాచలం అత్త వాసన. సాయంత్రం పూట మా వరండాలోకి ముందు ఆ వాసన వచ్చేది, తరువాత ఆవిడ వచ్చేది. మాకు బంధుత్వమేమీ లేదు, పక్క క్వార్టర్ మనిషి. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన పెద్దవాళ్లందరూ మాకు అత్తలూ పిన్నులే. చిన్న వయసులోనే ఆవిడ భర్త పోతే, ఆయన పేరు మీద ఇచ్చే ఉద్యోగంలో ఖలాసీగా చేరి సామాన్లు మోసింది. నేను కాపురానికి వచ్చేసరికి ఫిట్టరై మగవాళ్లకు పని పురమాయిస్తోంది.

మా ఆయన అసిస్టెంట్ లోకో పైలట్. ఆయనకు ఉదయం డ్యూటీ పడిన రోజుల్లో మా ఇంట్లో ఒక పద్ధతి నడిచేది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అది నేను పెట్టిన పద్ధతే. భర్త పోయిన ఆడది ఎదురైతే కీడు అని పలాసలో చిన్నప్పటి నుంచీ విని పెరిగినదాన్ని. ఇంజనెక్కే మనిషికి కీడంటే ఇంకా భయం. అందుకని కిటికీ తెర కాస్త పక్కకు జరిపి, అత్త బయట లేదని రూఢి చేసుకున్నాకే ఆయన చేతికి క్యారేజీ ఇచ్చేదాన్ని. "ఏటే, సిగ్నలిచ్చీసినావా?" అని ఆయన నవ్వేవారు. అంత జాగ్రత్తగా పంపుకున్న మనిషి ఒక మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని, గుండెపోటు వచ్చి, ఆసుపత్రికి చేరేలోపే పోయారు. ఆ రోజు అత్త ఎదురవలేదు సరికదా ఊళ్లోనే లేదు, రతన్‌పూర్ గుడికి వెళ్లింది.

పెద్దకర్మ అయిన మర్నాడు మా బావగారు ఒక కాగితం తెచ్చారు. మా ఆయన పేరు మీద ఇచ్చే ఉద్యోగం నాకు వద్దనీ, మా అమ్మాయి పెద్దదయ్యాక దానికిమ్మనీ అందులో ఉంది. అమ్మాయికి అప్పటికి ఆరేళ్లు. "ఆ మగోళ్ల మధ్య నువ్వేటి చెయ్యగలవమ్మా? ఊరొచ్చీయ్, మేం లేమేటి?" అన్నారాయన. చెడ్డవారు కాదు, మనస్ఫూర్తిగానే అన్నారు. నాకు హిందీలో నాలుగు ముక్కలు రావు, షెడ్డు అంటే వణుకు. కలం తీసుకున్నాను. అప్పుడే అత్త టీ పట్టుకుని వచ్చింది. గ్లాసు బావగారి చేతికిచ్చి, "అచ్ఛా బాబూ, మీరున్నారు, కాదన్ను. మా మరుదులూ ఉన్నారు, మంచోళ్లే. రెండేళ్లు సూసినారు. ఆ తరవాత ఆళ్లకీ పిల్లలు పుట్టినారు" అంది. నా వైపు తిరిగి, "ఇలాటి కాగితం మీద నానూ సంతకం ఎట్టినాను. ఎనక్కి తీసుకోడానికి మూడేళ్లు ఆఫీసుల సుట్టూ తిరిగినాను. ఆపైన నీ ఇష్టం" అంది. నేను కలం పక్కన పెట్టేశాను.

ఉద్యోగం దరఖాస్తు అత్త నమూనా ముందు పెట్టి నా చేతే హిందీలో రాయించింది. అక్షరాలు వంకర పోతే మళ్లీ మొదటి నుంచీ రాయమనేది. మా ఆయన తాలూకు డబ్బు వస్తుందని తెలిసి ఇంటికొచ్చే వాళ్లు ఎక్కువయ్యారు. ఒకరు ఊరి చివర కోనిలో స్థలం అన్నారు, ఒకరు చీటీ అన్నారు. "ఏడాది దాకా అవుననకు, కాదనకు. సింహాచలం అత్త ఒద్దందండి అను. సెడ్డపేరు నాకే రానీ, నాకలవాటే" అంది అత్త. అలాగే అన్నాను. కాలనీ అంతా ఆవిడను ఆడిపోసుకుంది, నా డబ్బు బ్యాంకులో భద్రంగా ఉండిపోయింది. ఏడుపు ఆగడం లేదని ఒకసారి చెబితే, "ఆపమని ఎవులన్నారు? నానైతే టెస్టింగుకి ఇంజను ఆన్ చేసినప్పుడు పక్కన నిలబడి గొంతెత్తి ఏడిసీదాన్ని. ఆ మోతలో ఎవులికీ ఇనబడదు" అంది, వంట చిట్కా చెప్పినంత మామూలుగా. తరువాత నేనూ అలాగే ఏడ్చాను.

ఉద్యోగంలో చేరే రోజు ఉదయం తలుపు తీసి, మళ్లీ లోపలికి వెళ్లిపోయాను. ఎదురింటాయన స్కూటర్ తీస్తున్నారు. ఆయన భార్య గుమ్మంలో నిలబడి మా ఇంటి వైపే చూస్తోంది. ఆ చూపు నాకు బాగా తెలుసు. అత్త వీధిలోంచి కేకేసింది.

"ఏటే, ఆగిపోనావు?"

"ఆయన వెళ్లాక వస్తాను అత్తా."

ఆవిడ దగ్గరికి వచ్చి మెల్లిగా అంది. "నానూ ఇలాగే ఆగీదాన్ని. మీ ఆయన బండి మలుపు తిరిగీదాకా, తలుపు ఎనకాల."

"మీకు తెలుసా అత్తా?"

"మీ కిటికీ తెర కదిలీది కాదేటి? ఇంజనెక్కే కుర్రోడు, మనసులో బెంగెట్టుకుని ఎల్తే ఎలాగ? అందుకే ఆగీదాన్ని. లేటయిపోయి మేస్త్రీ సేత ఎన్ని తిట్లు తిన్నానో!" అని నవ్వింది. నా చెయ్యి పట్టుకుని గడప దాటించింది. "ఆ ఆగడం నాతో అయిపోవాల. నువ్వు నడు. నాను ఎదురొస్తాను."

గబగబా వీధి చివరికి వెళ్లి, ఇటు తిరిగి, కొంగు సవరించుకుని, అందరూ చూస్తుండగా వీధి నడిమధ్య నుంచి నాకు ఎదురొచ్చింది. పెళ్లిపందిట్లోకి వస్తున్నంత ఠీవిగా వచ్చింది. నేను నడిచాను.

అత్త పోయి మూడేళ్లయింది. నేను కీడు అనుకున్న మనిషి, నా భర్త మనసు నిబ్బరంగా ఉండాలని ఏళ్ల తరబడి తన తలుపు వెనకాల నిలబడింది. ఒక్కసారి కూడా నన్ను మాట అనలేదు. ఆవిడకు క్షమాపణ చెప్పుకోలేకపోయాను, ఎప్పుడు మొదలుపెట్టినా మాట మార్చేసేది. ఉదయం డ్యూటీకి తలుపు తీసినప్పుడు వీధిలో ఎవరు బయలుదేరుతున్నా, ఎవరి కిటికీ తెర కదిలినా, నేను ఆగను.