బుగ్గన దాచిన పలకరింపు

మా పక్కింటి ఆంటీ పోయారు. పోయిన మంగళవారం పొద్దున్న నేను కారు మీద మంచు గీకుతుంటే, ఆవిడ కూతురు కోటు కూడా వేసుకోకుండా బయటికొచ్చి నా ముందు నిలబడింది. ఆమె మామూలుగానే ఏమీ అనదు. ఇంటివైపు చెయ్యి చూపించి తల అడ్డంగా ఊపింది. నిద్రలోనే పోయారని లోపలికి వెళ్ళి చూశాకే నాకు అర్థమైంది.

కెనడాలోని ఎటోబికోలో మా టౌన్‌హౌస్‌కీ వాళ్ళ టౌన్‌హౌస్‌కీ మధ్య ఒకటే గోడ. మా పోపు ఘాటు వాళ్ళకీ, వాళ్ళ చేపల సాస్ వాసన మాకూ తప్పేది కాదు. ఆంటీకి డెబ్బై దాటాయి. వియత్నాంలో పుట్టిన చైనావాళ్ళు. భర్త ఎప్పుడో పోయారు. ఒక్కతే కూతురు, ఇక్కడే కెనడాలో ఉన్న లండన్ అనే ఊళ్ళో హాస్పిటల్ ల్యాబ్‌లో పని. ప్రతి ఆదివారం డ్రైవ్ చేసుకుని వచ్చి, తల్లితో కూర్చుని ఆకుకూర ఒలిచి వెళ్ళిపోయేది. పోయిన ఆదివారం మాత్రం మంచు వల్ల వెళ్ళలేక ఆగిపోయింది. ఇద్దరూ మాట్లాడుకోగా నేను విన్నది తక్కువ.

మా పరిచయం గొడవతో మొదలైంది. మేం ఆ ఇంట్లోకి కొత్తగా దిగిన రోజుల్లో ఒక మధ్యాహ్నం ఫైర్ అలారాలు చెక్ చేసే ఆయన యూనిఫాం వేసుకుని వచ్చాడు. మా పాపకి అప్పుడు నాలుగేళ్ళు. మనకి అలవాటే కదా, ఇంటికి ఎవరొచ్చినా పిల్లల్ని ముందుకి తోసి, "అంకుల్‌కి హాయ్ చెప్పమ్మా" అంటాం. నేనూ అదే అన్నాను. పాప నోరు తెరిచింది. అంతలో పక్క మెట్ల మీద కూర్చున్న ఈవిడ దిగ్గున లేచి వచ్చి, జేబులోంచి ఏదో తీసి పాప నోట్లో పెట్టేశారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ముక్కూ మొహం తెలియని మనిషి నా పిల్ల నోట్లో ఏదో కుక్కడమేమిటి? వేలు పెట్టి బయటికి తీశాను. ముడతలు పడ్డ నల్లటి పండు, లోపల గింజ. ఉప్పులో ఊరబెట్టి ఎండబెట్టిన ప్లమ్, మన ఎండు ఉసిరికాయలాగా పుల్లగా ఉప్పగా ఉంటుంది. నేను నోటికొచ్చినట్టు అరిచాను. ఆవిడ నన్ను చూడనే లేదు. యూనిఫాంలో ఉన్న ఆయన వ్యాన్ ఎక్కి వెళ్ళిపోయేదాకా అటే చూస్తూ నిలబడ్డారు. ఒక చెయ్యి మాత్రం పాప భుజాన్ని గట్టిగా పట్టుకునే ఉంది. ఆ పట్టు చూసి నేనే నోరు మూసుకున్నాను.

మర్నాడు ఒక గిన్నెలో వేడి వేడి సూప్ తెచ్చి, "సారీ. నా చెయ్యి నన్ను అడక్కుండా పనిచేసింది" అన్నారు. ఆ తర్వాత వెల్లుల్లి ఒలుస్తూనో, చిక్కుడుకాయలు తుంచుతూనో, కొంచెం కొంచెంగా చెప్పుకొచ్చారు. వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పినా నాకు ఒక్క ముక్క కూడా తప్పిపోలేదు.

వాళ్ళది వియత్నాంలో ఓ రేవు ఊరు. తాతలనాటి నుంచీ అక్కడే చేపలు పట్టుకుని బతికారు. డెబ్బైల చివర్లో చైనాతో గొడవ ముదిరాక, మీరు మావాళ్ళు కాదు పొండి అంది వియత్నాం సర్కారు. సరిహద్దు దాటితే చైనావాళ్ళు తీసుకెళ్ళి సర్కారు వ్యవసాయ క్షేత్రంలో పెట్టారు. వల లాగడం తప్ప మరో పని తెలియని మొగుడూ పెళ్ళాలకి చెరకు నరకమని కత్తులిచ్చారు. అక్కణ్ణుంచి ఎక్కడికీ కదలడానికి లేదు. కూతురు మాత్రం అక్కడి పిల్లల బడిలో భలే కుదురుకుంది. టోపీ పెట్టుకున్న అధికారి ఎవరొచ్చినా పిల్లలంతా లేచి, చేతులు పక్కలకి ఆనించి నిలబడి, "షూషూ హావ్" అని అరవాలి. అంకుల్, నమస్తే అని అర్థం. అందరిలోకీ ఈ పిల్ల గొంతే పెద్దది. మెచ్చుకుని మిఠాయి ఇచ్చేవాళ్ళట.

కొన్ని కుటుంబాలు కలిసి ఒక పాత చేపల పడవ సంపాదించి, తీరం పట్టుకుని హాంకాంగ్‌కి బయల్దేరాయి. దారిలోనే ఒక కబురు తెలిసింది. నేరుగా వియత్నాం నుంచి వచ్చినవాళ్ళయితే శరణార్థులుగా ఉండనిస్తారు. చైనా పొలాల్లోంచి పారిపోయి వచ్చారని తెలిస్తే పడవని వెనక్కి పంపేస్తారు. వెనక్కి వెళ్తే ఏం చేస్తారో ఎవరికీ తెలియదు. పడవలో ఉన్నవాళ్ళంతా పొలం గుర్తులున్నవన్నీ సముద్రంలో వేసేశారు. మగ్గులు, టోపీలు, దుప్పట్లు, చివరికి చెప్పులు కూడా.

"అన్నీ పారేశాం. నా కూతురి నోట్లో ఉన్న మాటని ఎలా పారేయను?" అన్నారు ఆంటీ.

వాళ్ళింట్లో మాట్లాడుకునేది కాంటనీస్ అనే దక్షిణ చైనా భాష. ఆ పలకరింపు మాత్రం చైనా బళ్ళలో నేర్పే వేరే భాషది. వియత్నాం రేవులో పెరిగిన పిల్లకి అది రావలసిన అవసరమే లేదు. యూనిఫాం కనిపించగానే ఆ పిల్ల లేచి ఒక్కసారి అరిస్తే చాలు, పడవ మొత్తం దొరికిపోతుంది. అందరి కళ్ళూ ఆ పిల్ల మీదే. ఒకాయన దగ్గరికి వచ్చి, నిద్రమందు ఉంది, పోసెయ్ అన్నాడు. అంతకు ముందు వెళ్ళిన ఏదో పడవలో అలా పోస్తే ఓ పసివాడు మళ్ళీ లేవలేదని ఆంటీ విన్నారు. పోయనన్నారు. అయితే నీవల్ల మేమంతా పోతామా అన్నాడాయన. ఆవిడ మూట విప్పారు. మూటలో కొన్ని ఎండు ప్లమ్ పళ్ళు మాత్రం ఉన్నాయి.

పిల్లకి అలవాటు చేయడానికి మొగుడు తల మీద బుట్ట బోర్లించుకుని అధికారిలా వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా ఆవిడ ప్లమ్ పండు పిల్ల బుగ్గన పెట్టి, గింజ కదిలితే నాన్న సముద్రంలో పడిపోతాడని చెప్పేవారు. మొదట్లో పిల్లకి అదో ఆట, ప్రతిసారీ కిలకిలా నవ్వి షూషూ హావ్ అని అరిచేది. పడవలో ఎవరూ నవ్వేవారు కాదు. ఆంటీ గిల్లారు. కొట్టారు. మళ్ళీ పండు పెట్టారు. చివరికి ఒకసారి పిల్ల అరవలేదు. తండ్రి వంకే చూస్తూ గుటకలు మింగింది.

హాంకాంగ్ నీళ్ళలో ఒక పొద్దున్న లాంచీ వచ్చి పక్కన ఆగింది. టోపీ పెట్టుకున్న అధికారి పడవలోకి దిగాడు. ఎక్కడి నుంచి వచ్చారు, ఎన్నాళ్ళయింది అని ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చి, పిల్ల ముందు వంగాడు. నీ పేరేంటి పాపా అన్నాడు. పిల్ల లేచి నిలబడింది. చేతులు పక్కలకి ఆనించింది. ఇంక అయిపోయిందనుకున్నారు ఆంటీ. పిల్ల పళ్ళకి గింజ తగిలిన చప్పుడు వినిపించిందట. నోరు తెరిచింది. గడ్డం మీదుగా ఉప్పు ఎంగిలి కారింది తప్ప మాట రాలేదు. అధికారి నవ్వి ముందుకి నడిచాడు.

పడవ గట్టెక్కింది. పిల్ల మాత్రం ఆ నోరు మళ్ళీ తెరవలేదు. క్యాంపులో తెరవలేదు, కెనడా వచ్చాక కిండర్‌గార్టెన్‌లోనూ తెరవలేదు. ఈ అమ్మాయికి మాటలు రావేమో అని టీచర్ అనుమానపడింది. ఏళ్ళు గడిచాక మెల్లగా మాటలొచ్చాయి, కానీ ఎదురుపడ్డ మనిషిని తనంతట తాను పలకరించడం మాత్రం ఇప్పటికీ రాలేదు. "బాగా నేర్చుకుంది నా కూతురు. నేర్పింది నేను. మళ్ళీ మరిపించడం నాకు చేతకాలేదు" అన్నారు ఆంటీ, వెల్లుల్లి పొట్టు ఊదుతూ.

ఆ తర్వాత ఆవిడ మా పాప నోట్లో ఎప్పుడూ ఏమీ పెట్టలేదు. చేతికే ఇచ్చేవారు. పాప స్కూల్ బస్ దిగి హాయ్ ఆంటీ అంటే చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "వినపడలేదు, ఇంకా గట్టిగా" అనేవారు. వీధి మొత్తం వినపడేలా అరిచేదాకా వదిలేవారు కాదు. తనింటి తలుపు ఎవరైనా కొడితే మాత్రం, చివరిదాకా, ఓ ప్లమ్ బుగ్గన పెట్టుకున్నాకే తీసేవారు. నేను కొట్టినా అంతే. ఆవిడ నన్ను మా అమ్మకన్నా ఎక్కువగా తిట్టారు, ఎక్కువగా తినిపించారు. ఆవిడంటే నాకు చాలా ఇష్టం. ఈ మాట ఆవిడకి చెప్పే ఉంటాననుకుంటున్నాను.

శనివారం ఫ్యూనరల్ హోమ్‌లో అంత్యక్రియలు. వచ్చినవాళ్ళకి తెల్లకాగితంలో మిఠాయి చుట్టి ఇవ్వడం వాళ్ళ ఆచారం, చేదు పోవడానికి ఇంటికి చేరేలోపు తినేయాలి. కూతురు మిఠాయికి బదులు ప్లమ్ పళ్ళు చుట్టింది. గుమ్మం దగ్గర నిలబడి, తనూ ఒకటి బుగ్గన పెట్టుకుని, తల వంచుకుని అందరి చేతుల్లోనూ పెట్టింది. మా పాప అక్కడే నోట్లో వేసుకుంది.

ఆంటీ పెట్టెని బయటికి తెచ్చారు. వాకిట్లో నల్లకారు, దాని పక్కన నల్లకోటు, టోపీ, తెల్ల గ్లవ్స్ వేసుకున్న కుర్రాడు. కూతురికి కొడుకుంటే ఆ వయసుండేవాడేమో. అతను టోపీ సర్దుకుని కారు తలుపు తెరిచాడు. ఆమె ఆగిపోయింది. వెనక మేమంతా ఆగిపోయాం. నోట్లోంచి గింజ తీసి గుప్పిట్లో పెట్టుకుంది. చేతులు రెండూ పక్కలకి ఆనించి నిటారుగా నిలబడింది.

"షూషూ హావ్."

మాట సగమే బయటికొచ్చింది. పెట్టె వైపు చూసి, "వినపడలేదు కదమ్మా" అన్నట్టు తల ఊపి, మళ్ళీ అంది. ఈసారి పార్కింగ్ లాట్ చివర ఉన్నవాళ్ళు కూడా వెనక్కి తిరిగారు. ఆ కుర్రాడికి ఏమీ అర్థం కాలేదు. టోపీ తీసి ఛాతీకి ఆనించుకున్నాడు.

పెట్టెని ఎక్కించుకున్న కారు మలుపు తిరిగి కనిపించకుండా పోయేదాకా ఆమె అలాగే నిలబడి ఉంది, చేతులు పక్కలకి ఆనించి, ఒక గుప్పిట మూసుకుని.