వెంకటప్పయ్య డాక్టరు కునుకు

డాక్టర్ వెంకటప్పయ్య గారు డ్యూటీలో నిద్రపోయేవారు. దాచడానికేమీ లేదు, ఊరంతటికీ తెలుసు. గోదావరికి మూడో ప్రమాద హెచ్చరిక జారీ చేసినా ఆయన లేవరని, వరద వరండాలోకి వస్తే కుర్చీతో సహా తేలుతూ గురక పెడతారని ఆసుపత్రిలో చెప్పుకునేవారు.

ఆయన పిల్లల డాక్టరు. పొద్దున వార్డులో తిరిగేటప్పుడు మెలకువగానే ఉండేవారు. తర్వాత అసలు పని మొదలయ్యేది: ఇంటికి పోబోయే పిల్లల నడక, మాట, చూపు, వినికిడి వయసుకు తగ్గట్టు ఉన్నాయో లేదో చూసి పంపాలి. అందుకోసం ఏనుగులు, నెమళ్ళ బొమ్మలు వేసిన గది ఒకటి ఉండేది. ఆయన అందులోకి పోగా ఎవరూ చూడలేదు. వరండాలో వాలుకుర్చీ వేయించుకుని, తెల్లకోటు విప్పి కిటికీకి తగిలించి, కళ్ళు మూసేవారు. ప్యాంటు జేబులోంచి బంతి, రంగు చెక్కముక్కలు ఒక్కొక్కటే జారి కింద పడేవి.

"సార్, పిల్లలు మీ మీసం పీకుతున్నరు!" అని నర్సు నాగలక్ష్మి అరిచేది.

జవాబుగా గురక.

ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి ఆ కుర్చీ ముందు నిలబడి గట్టిగా దగ్గాడు. డాక్టరు గారి పొట్ట మీద ఓ బుడతడు బంతి దొర్లిస్తున్నాడు.

"ఈయన పేషెంటా?"

"కాదు సార్, డాక్టరే. పేషెంటైతే ఎప్పుడో లేపి గోలీ మింగిచ్చేదాన్ని."

వార్తల కోసం రోజూ ఆసుపత్రికి పోయే నాకు ఆ గురక గడియారంలా పనికొచ్చేది. అది మొదలైందంటే టీ వేళయినట్టే.

ఆ వానాకాలం చర్ల అవతల అడవిలోని కోయపల్లె నుంచి భీమక్క మూడేళ్ళ కూతురు వనజను జ్వరంతో తెచ్చింది. జ్వరం తగ్గింది. కొత్తగా వచ్చిన డాక్టర్ శ్రావణి పిల్లను బొమ్మల గదిలో కూర్చోబెట్టి పిలిచింది, బొమ్మలు చూపించింది. కోయ మాట తెలిసిన ఆయమ్మ చేత కూడా పిలిపించింది. వనజ తల తిప్పలేదు, నోరు విప్పలేదు. "బుద్ధి ఎదుగుదల తక్కువున్నట్టుంది" అని శ్రావణి నెమ్మదిగానే చెప్పింది. భీమక్క వెంటనే మూట కట్టింది.

"నా బిడ్డను పిచ్చిదంటరా? మేం పోతం."

"పెద్ద సారు చూసినంక పోదువు. కూసో భీమక్కా," అంది నాగలక్ష్మి.

"ఏడ చూస్తడు? పండుకుండు గదా!"

"లేస్తడు."

"ఎప్పుడు?"

ఆ మూట గేటు దాటితే భీమక్క మళ్ళీ ఆసుపత్రి ముఖం చూడదని నాగలక్ష్మికి తెలుసు. అందుకే మూట మీద చెయ్యి వేసి పక్కనే కూలబడింది.

ఈలోగా వనజ కుర్చీ దగ్గరికి చేరింది. చెక్కముక్క తీసి డాక్టరు గారి పొట్ట మీద పెట్టింది. దాని మీద ఇంకోటి. గురకకు పొట్ట లేచినప్పుడు ఆగి, దిగినప్పుడు పెట్టసాగింది. గోపురం ఊగుతోంది గానీ పడటం లేదు. కుర్చీ పక్కన వేలాడుతున్న చెయ్యి ఆమె వెనక తాళంచెవులు గలగలలాడించింది. పిల్ల తిరగలేదు. ఆ చెయ్యి బంతిని మెల్లగా దొర్లించింది. కంటబడగానే పిల్ల చటుక్కున పట్టుకుంది.

"నాగలక్ష్మమ్మా," అన్నారు డాక్టరు గారు కళ్ళు తెరవకుండా, "బుద్ధికి ఢోకా లేదు. చెవులు చూపియ్యాలె."

నాగలక్ష్మి ఎగిరిపడింది. "సార్! మేలుకునే ఉన్నరా?"

"గట్టిగ అరవకు, గోపురం పడ్తది."

"మరి ఇన్నేండ్లు ఆ గురకేంది?"

"కోటు చూస్తే పిల్లలు బిగుసుకపోతరమ్మా. పండుకున్నోనికి ఎవరు భయపడ్తరు?"

పొట్ట మీది కట్టడం పూర్తయ్యేదాకా ఆయన కదల్లేదు. భీమక్క మాత్రం మూట విప్పింది.

వనజ రెండు చెవుల్లోనూ చీము పట్టి ఉంది. ఖమ్మంలో చెవి డాక్టరు వైద్యం చేశాడు. వెంకటప్పయ్య గారు రిటైరై తల్లాడ వెళ్ళిపోయాక ఆ వరండా బాగా నిశ్శబ్దమైపోయింది. నాకు టీ వేళ తెలియడం లేదు.

కానీ ఆయన ఉండగానే, చలికాలంలో భీమక్క కూతుర్ని చూపించడానికి మళ్ళీ తెచ్చింది. డాక్టరు గారు యథాప్రకారం గురక అందుకున్నారు. వనజ ఉలిక్కిపడి, రెండు చెవులూ గట్టిగా మూసుకుని, తల్లి వైపు తిరిగి కోపంగా కోయలో ఏదో అంది.

"ఏమంటది భీమక్కా?" అని నాగలక్ష్మి అడిగింది.

"ఈ తాతను గేటు బయట పండుకోమను అంటది."

డాక్టరు గారి మీసం కదిలింది.

"రాసుకో నాగలక్ష్మమ్మా," అన్నారు కళ్ళు మూసుకునే. "వినికిడి బాగుంది. మాట ఇంకా బాగుంది."