పదకొండో రౌండు ఎవరిది

మా ఇంట్లో పదకొండో రౌండు మీద జరిగినన్ని గొడవలు ఆస్తుల మీద కూడా జరగలేదు. ఆస్తులు లేవనుకోండి, అది వేరే మాట. రౌండంటే బాక్సింగ్ రౌండు. నేను పుట్టకముందెప్పుడో, దేశం కాని దేశంలో, ఇద్దరు హెవీవెయిట్లు పదిహేను రౌండ్లు కొట్టుకున్నారు. ఒకడు అప్పటి ఛాంపియన్, తాటిచెట్టంత మనిషి. రెండోవాడు వాడి భుజం దాకా కూడా రాడు, మా ఇంట్లో వాడిని పొట్టోడనే పిలుస్తాం. చివరి గంట కొట్టేసరికి ఇద్దరూ కాళ్ళ మీదే ఉన్నారు. ఇక జడ్జీలు రాసిన మార్కులే తేల్చాలి. ముగ్గురిలో ఇద్దరు ఛాంపియన్‌కి రాశారు, ఒకాయన పొట్టోడికి రాశాడు. అంతా తేలింది పదకొండో రౌండు మార్కులతోనే. ఆ తీర్పు న్యాయమా, దగానా అన్నది మా నాన్నకీ ఫౌజీ అంకుల్‌కీ మధ్య ఎన్నాళ్ళయినా తెగని పంచాయితీ.

నాన్న రైల్వేలో ఉద్యోగం చేశాడు, రైల్వే తరఫున బాక్సింగ్ ఆడాడు, ఆట మానేశాక జడ్జి అయ్యాడు. ఫౌజీ అంకుల్ ఆర్మీలో బాక్సర్. రిటైరయ్యాక కంటోన్మెంట్ వదిలిపెట్టలేక ఇక్కడే ఉండిపోయాడు, ఆయనా జడ్జే. ఇద్దరూ కలిశారంటే టీ చల్లారాల్సిందే.

"మూడు నిమిషాల రౌండుల రెండున్నర నిమిషాలు ఛాంపియన్ జాబ్‌తోటి ఆడుకున్నడు. ఆఖర్ల రెండు దెబ్బలు పడ్డయని రౌండు రాసిచ్చేస్తవా?" అని నాన్న. జాబ్ అంటే ముందు చేత్తో సూటిగా విసిరే గుద్దు.

"ఆ రెండు దెబ్బలకు మోకాళ్ళు వంగినయ్ భాయ్! నీ ఛాంపియన్ అంతసేపు కొట్టిండా, గోకిండా?" అని అంకుల్.

మాట పెరిగి పెరిగి, నాన్న దగ్గర చెప్పడానికి ఇంకేమీ మిగలనప్పుడు ఒక అస్త్రం తీసేవాడు. "రింగు పక్కన కూసున్నోడు కండ్లతో చూసి రాసిండు. సోఫాల కూసున్నోడు తప్పు పడ్తడా? జడ్జి తప్పు రాసిండని మాత్రం అనకు." అంతటితో ఆ ఆదివారానికి కేసు వాయిదా పడేది. ఏ ఊళ్ళో, ఏ ఆటలో, ఏ జడ్జినీ మా నాన్న తప్పు పట్టగా నేను వినలేదు.

అలాంటి మనిషిని మొన్న జూనియర్ల పోటీల్లో అందరి ముందూ అనరాని మాటలన్నారు. ఆడపిల్లల బౌటు, అంటే ఇద్దరి మధ్య పోటీ, ఒకరిది ఎరుపు వైపు, ఇంకొకరిది నీలం వైపు. నీలం వైపు పిల్ల శుభ్రంగా గెలిచిందని గ్రౌండంతా అనుకుంది. ఐదుగురు జడ్జీల్లో ముగ్గురు ఎరుపుకి రాశారు. ఆ ముగ్గురిలో నాన్న ఒకడు. ఓడిన పిల్ల తండ్రి కుర్చీల మధ్య నుంచి తోసుకుంటూ వచ్చి, "ఈ ముసలాయనకు కండ్లు కనిపిస్తలేవు, ఎవడు కూసోబెట్టిండు ఈయన్ని?" అని అరిచాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "నోరు అదుపులో పెట్టుకోండి! మా నాన్నవి గద్ద కళ్ళు!" అని నేనూ అరిచాను. నా నోరు అలాంటిదే, ఆఫీసులో కూడా నాతో జాగ్రత్తగా ఉంటారు. నాన్న మాత్రం దారి పొడుగునా ఆటోలో తల కిందికే వేసుకున్నాడు.

ఆ వారం ఫౌజీ అంకుల్ వచ్చి, లోపలికి రాకుండా గేటు దగ్గరే నన్ను ఆపాడు. జడ్జీల డ్యూటీలు వేసేది ఆయనే.

"కంప్లైంట్ వచ్చింది బిడ్డా. నాన్న చూపు సంగతి చూసి చెప్పమని అసోసియేషన్ సెక్రటరీ సార్ అన్నరు. మంచిగుంటే శనివారం పోటీలకు పేరు రాస్త. లేకపోతే ఇగ ఎప్పటికీ రాయొద్దన్నరు."

"రాయండి అంకుల్, ఏం సందేహం లేదు."

"నాక్కూడ గట్లనే ఉంది. అయినా ఒకసారి కూసుందాం. పాత మ్యాచ్ పెట్టు, ఇద్దరం మార్కులు రాస్తం. నాన్నకేం చెప్పకు."

అమ్మ పోయాక నాన్నకి మిగిలింది ఆ జడ్జి కుర్చీ ఒక్కటే. పోటీలున్న రోజు తెల్ల చొక్కా తనే ఇస్త్రీ చేసుకుంటాడు, మెడకి నల్ల బో టై కట్టుకుంటాడు, టిఫిను కూడా అడిగి మరీ తింటాడు. మిగతా రోజుల్లో పెడితే తింటాడు, లేకపోతే లేదు. ఆ కుర్చీ పోతే ఈయన ఏమైపోతాడోనని నాకు ఎంత భయం పట్టుకుందో చెప్పలేను.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరూ టీవీ ముందు కూర్చున్నారు. మా ఇంట్లో మ్యాచ్ చూడడానికి ఒక పద్ధతుంది. సౌండు ఉండకూడదు. కామెంటరీ చెప్పేవాడి నోరు జడ్జి చూపుని పాడు చేస్తుందని నాన్న సూత్రం. రౌండు అయిపోగానే ఎవరి చీటీ మీద వాళ్ళు గెలిచినవాడికి పది, ఓడినవాడికి తొమ్మిది వేసి, మడిచి, స్టీలు గ్లాసు కింద పెట్టాలి. ఆఖరి రౌండు దాకా నోరు విప్పకూడదు.

ఎప్పుడూ చూసే వీడియో ఇంటర్నెట్‌లో దొరకలేదు, ఎవరో తీసేయించినట్టున్నారు. వెతగ్గా వెతగ్గా ఇంకెవరో పెట్టినది దొరికితే అదే పెట్టేశాను. పెట్టి, నేను టీవీ చూడలేదు, నాన్ననే చూస్తూ కూర్చున్నాను. తల కొంచెం పక్కకి వంచి, ఓరగా చూస్తున్నాడు. ఈమధ్య పడిన అలవాటు అది. చక్కగా రాస్తున్నాడు, చక్కగా మడుస్తున్నాడు. హమ్మయ్య అనుకున్నాను.

మూడో రౌండులో తెర వైపు చూశాను. రింగు నేల మీద రాసిన అక్షరాలు తిరగబడి ఉన్నాయి. అద్దంలో చూసినట్టు! ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. హక్కులున్న కంపెనీవాళ్ళకి దొరక్కుండా ఉండాలని కొందరు బొమ్మని కుడిఎడమలు మార్చి పెడతారట, ఇదీ ఆ బాపతే. ఛాంపియన్ ఎడమ చేత్తో విసిరే జాబ్ తెర మీద కుడి చేత్తో పడుతోంది. పొట్టోడి పేరుమోసిన లెఫ్ట్ హుక్, ఎడమ చేత్తో పక్క నుంచి తిప్పి కొట్టే దెబ్బ, కుడి చేతి నుంచి వస్తోంది. బాక్సింగ్ తెలిసినవాడెవడైనా మొదటి రౌండు సగంలోనే, "ఇదేందిది, ఉల్టా ఉంది?" అని లేవాలి.

నాన్న లేవలేదు.

అంకుల్ వైపు చూశాను. ఆయన నావైపే చూస్తున్నాడు. ఆయనకి తెలిసిపోయింది. నాకు తెలిసిందని కూడా తెలిసిపోయింది. నేను ఫ్యాను వైపు చూడడం మొదలుపెట్టాను. ఆపేసి వేరేది పెట్టొచ్చు కదా అంటారా? ఆపితే ఎందుకాపావంటాడు. ఎందుకో చెబితే నీకు కనిపించలేదని చెప్పినట్టే. నాన్నా, ఒక్కసారి సరిగ్గా చూడు నాన్నా, అని లోలోపల బతిమాలుకుంటున్నాను.

ఏడో రౌండులో అనుకుంటా, తన పద్ధతి తనే మరిచిపోయి, నాన్న గొణిగాడు. "ఆ లెఫ్ట్ చూడు... ఎంత ముద్దుగ తీస్తున్నడో."

తెర మీద ఛాంపియన్ కుడి చెయ్యి వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చింది. అంకుల్ పెన్ను ఆగిపోయింది. నాన్న తెర మీది ఆటకి మార్కులు వేయడం లేదు. ఇన్నేళ్ళుగా బుర్రలో తిరుగుతున్న ఆటకి వేస్తున్నాడు.

మ్యాచ్ అయిపోయింది. గ్లాసులెత్తి చీటీలు విప్పారు. పదకొండో రౌండు దాకా వచ్చేసరికి నాన్న కుర్చీలో ముందుకి జరిగాడు, కళ్ళల్లో ఆ పాత పోట్లాట వెలుగు.

"ఛాంపియన్ పది, పొట్టోడు తొమ్మిది. నువ్వు పొట్టోనికే రాసుంటవ్, దా, చెప్పు."

అంకుల్ చీటీ వైపు చూడనైనా చూడలేదు. "ఛాంపియన్‌కే రాసిన భాయ్. నువ్వన్నదే కరెక్ట్."

నాన్న నవ్వుతాడనుకున్నాను. గెలిచాడు కదా! నవ్వలేదు.

"ఇన్నేండ్లు ఒప్పుకోనోడివి ఇయ్యాల ఎందుకు ఒప్పుకున్నవ్?"

"ఇయ్యాల మంచిగ చూసిన. జాబ్ గట్టిగ పడ్డది."

"ఏ చెయ్యి?"

మామూలుగా అడిగాడు, ఎప్పుడూ అంకుల్‌కి అడ్డప్రశ్నలు వేసినట్టే. ఎడమ అంటే మ్యాచ్‌లో నిజం, కుడి అంటే తెర మీద నిజం. పాపం అంకుల్, అబద్ధాలు చేతకాని మనిషి, రెండింటి మధ్య ఇరుక్కుపోయాడు.

నాన్న నావైపు తిరిగాడు. "ఏందమ్మా? ఇద్దరు ఏం దాస్తున్నరు? నువ్వు చెప్పు."

ఎవరినైనా ముఖం మీద కడిగేసే నాకు ఆ ఒక్క మాట బయటికి తేవడానికి ప్రాణం పోయినంత పనయింది. "వీడియో తిరగేసి ఉంది నాన్నా. కుడి ఎడమైంది. మొదటి నుంచీ."

నాన్న టీవీ వైపు చూశాడు. తల పక్కకి వంచి చూశాడు, మళ్ళీ నేరుగా చూశాడు. తర్వాత చీటీలన్నీ ఒక దగ్గరికి చేర్చి, అంచులు సరిచేశాడు.

"నడిమిట్ల కనిపిస్తలేదు బిడ్డా," అన్నాడు. "పక్కలు కనిపిస్తయ్. మనిషి మొఖం చూస్తే మొఖం ఉండదు, చెవులుంటయ్. బేగంపేట డాక్టర్ చూసిండు. ఆపరేషన్ చేసినా రాదన్నడు."

బేగంపేట! నా ఆఫీసు ఉండేది అక్కడే. నాకు చెప్పకుండా ఒక్కడే రైలెక్కి వెళ్ళొచ్చాడన్నమాట. "ఎప్పుడు?" అన్నాను.

"ఎండాకాలం."

అంటే ఆ పిల్ల బౌటుకి ముందే. నాకు కోపం ఆగలేదు. "తెలిసి కూర్చున్నావా? తెలిసి కూడా మార్కులు రాశావా? నీకోసం నేను గ్రౌండులో ఆ తండ్రితో కొట్లాడాను నాన్నా!"

"తెలిసే కూసున్న. ఒక్కసారి కుర్చీల నుంచి లేస్తే మళ్ల ఇయ్యరు బిడ్డా. పక్క జడ్జీ మెడ ఎటు తిరిగితే అటు రాసుకుంటొచ్చిన. ఆ పొద్దు కుదరలే."

అంకుల్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "పరేషాన్ గాకు భాయ్. శనివారం నా పక్కన కూసో. బల్ల కింద మోకాలు తడ్త. ఒక్కసారి తడితే ఎరుపు, రెండుసార్లు తడితే నీలం. ఎవ్వనికి తెల్వదు."

ఒప్పుకుంటే బాగుండనిపించింది నాకు. అన్యాయమే. అయినా అనిపించింది. తెల్ల చొక్కా, ఇస్త్రీ పెట్టె, అడిగి తినే టిఫిను, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి.

"అప్పుడు రెండు ఓట్లు నీయే అయితయ్ గద," అన్నాడు నాన్న. "వద్దు. నా పేరు రాయకు."

"సరే, నేను చెప్పుకుంటలే. వయసైంది, ఇగ రానంటున్నడని చెప్త."

"నువ్వు చెప్పకు. నేనే మాట్లాడ్త." నాన్న ఫోను తీసి నా చేతిలో పెట్టాడు. "సెక్రటరీ నంబరు కొట్టియ్యి బిడ్డా, నాకు అంకెలు కనిపిస్తలేవు."

రోజూ తనే ఫోన్లు చేస్తున్నాడనుకున్నాను నేను. పక్కింటి పిల్లల్ని పిలిచి ఫోను వాళ్ళ చేతికి ఎందుకిచ్చేవాడో అప్పుడు తెలిసింది. నంబరు నొక్కాను. అవతల మోగుతుంటే కట్ చేసేద్దామా అని కూడా అనిపించింది. చేయలేదు, నాన్న చెవి దగ్గర పెట్టాను. అంకుల్ టీవీ కట్టేశాడు.

అటువైపు ఎత్తగానే నాన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"సార్, మొన్న పిల్లల బౌటుల నీలం అమ్మాయి గెలిచింది," అన్నాడు. "జడ్జి తప్పు రాసిండు."